కాత్యాయని వాటా

2021 మే నెలలో కడప జిల్లా బ్రహ్మంగారిమఠం పీఠాధిపతి వీరభోగ వసంత వెంకటేశ్వర స్వామి శివైక్యం చెందారు. నెల తిరిగేసరికి పీఠం ఎవరిదన్న తగవు పత్రికలకెక్కింది. ఆచారం ప్రకారం పెద్దకొడుకును కాబట్టి పీఠం నాదేనని మొదటి భార్య పెద్ద కుమారుడు అన్నారు. స్వామి తన కొడుకు పేరిట వీలునామా రాసి ఉంచారని రెండో భార్య చెప్పారు. ఆ పిల్లవాడికి అప్పటికి మైనారిటీ కూడా తీరలేదు. ఇతర మఠాధిపతులు కదిలొచ్చి మధ్యవర్తిత్వం చేశారు, దేవాదాయ శాఖ కల్పించుకుంది. కుదిరిందనుకున్న రాజీ నిలవలేదు. చివరికి వ్యవహారం హైకోర్టు మెట్లెక్కింది. కాలజ్ఞానం చెప్పిన వీరబ్రహ్మేంద్రస్వామి సమాధి ఉన్న చోటే, రేపు గద్దె మీద కూర్చునేది ఎవరన్నది అప్పట్లో తేలలేదు.

అందులో ఎవరిది న్యాయమన్నది ఇక్కడ తేల్చే పని కాదు. అయితే అదే మఠం చుట్టూ రాయలసీమ జనం చెప్పుకునే కథ ఒకటుంది. బ్రహ్మంగారు జీవసమాధికి ముందు శిష్యుడు సిద్దయ్యను పూలు తెమ్మని బనగానపల్లెకు పంపారట. దూదేకుల ఇంట పుట్టిన ఆ శిష్యుడు తిరిగొచ్చేసరికి గురువు సమాధిలో ఉన్నారు. అతని దుఃఖం చూడలేక కనిపించి దండమూ, కమండలమూ, పాదుకలూ అప్పగించారని కథ. పీఠం సంతానానికి దక్కింది, పాదుకలు శిష్యుడికి దక్కాయి. కథను కథగానే తీసుకున్నా అందులో ఒక పంపకం ఉంది, ఎవరికేది చెందాలో పోయేవాడే చెప్పిన పంపకం.

మఠానికైతే చట్టముంది, శాఖ ఉంది, పెద్దలున్నారు. ఆలూరు పక్కనో, మైదుకూరు పక్కనో ఏడెకరాల మెట్టచేను, ఒక బోరు, రెండు గదుల మిద్దె ఉన్న మామూలు సంసారికి ఎవరున్నారు? ఆ ఇంట్లో వీలునామా మాటెత్తితే చాలు, "నేనెప్పుడు పోతానా అని చూస్తాండారా?" అని పెద్దాయన కసురుకుంటాడు. కొడుకు అడిగితే ఆశపోతు, కోడలు అడిగితే ఇల్లు చీల్చేది, కూతురు అడిగితే పుట్టింటి మీద కన్నేసింది. పెద్దాయన తనంతట తాను రాయబోతే పెద్దమ్మ నోరు నొక్కుతుంది, అశుభం పలకొద్దని.

కసురుకున్నా, నోరు నొక్కినా ఆ మాటల అడుగున రెండు నమ్మకాలున్నాయి. ఒకటి, చావు మాట పలికితే చావును పిలిచినట్టేనన్నది. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పెళ్లినాడే ఎల్‌ఐసీ పాలసీ కట్టినవాళ్లు నిక్షేపంగా బతుకుతున్న ఇళ్లు సీమలో కోకొల్లలు. రెండోది మాత్రం బరువైనది, ఆలోచించదగ్గది. పోయేటప్పుడు వెంట ఏదీ రాదు, ఆస్తి మాయ, వయసు మళ్లాక రామనామం పట్టుకోవాల్సినవాడు సర్వే నంబర్లు పట్టుకుని కూర్చోవడం మమకారం కాదా? వేమన తిరిగిన నేల మీద ఈ ప్రశ్న ఉత్తినే పుట్టలేదు. ఆస్తిని పట్టించుకోకపోవడమే వైరాగ్యమన్న భావం ఇక్కడి రైతు నోట కూడా సహజంగా పలుకుతుంది.

ఈ భావానికి శాస్త్రంలో ఆధారం వెతికితే ఎదురు సాక్ష్యం దొరుకుతుంది.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మైత్రేయీ సంవాదం పేరు వినని వేదాంత ప్రసంగం ఉండదు. ఇల్లు విడిచి వెళ్లిపోవడానికి సిద్ధమైన యాజ్ఞవల్క్యుణ్ణి భార్య మైత్రేయి అడుగుతుంది: భూమి నిండా ధనమున్నా దానితో నాకు అమృతత్వం వస్తుందా? రాదంటాడు ఆయన. అక్కణ్ణుంచి ఆత్మవిచారం మొదలవుతుంది. ప్రవచనకారులు ఈ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి ఆత్మ దగ్గర ముగిస్తారు. కానీ ఆ సంభాషణ మొదలైంది ఆత్మతో కాదు, ఆస్తితో. నేను వెళ్లిపోతున్నాను, నీకూ కాత్యాయనికీ మధ్య తేల్చి పోతానన్నది ఆయన తొలి మాట. సన్యాసానికి ముందు ఆయన పెట్టుకున్న పని ఇద్దరు భార్యల మధ్య తగవు మిగలకుండా చూడటం.

మైత్రేయికి ధనం అక్కర్లేదు. బ్రహ్మవాదిని ఆమె, తత్త్వం చాలనుకుంది. మరి కాత్యాయని? ఆమె ఇంటి పని తెలిసిన ఇల్లాలని ఉపనిషత్తు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంది. ఆమె ఏం అడిగిందో, ఏం పుచ్చుకుందో ఎక్కడా లేదు. యాజ్ఞవల్క్యుడు అడవికి పోయాక ఇంట్లో ఉండాల్సినది ఆమె. గొడ్డూ గోదా, గింజా గాదే చూసుకోవాల్సినదీ ఆమే. పంపకం మాట ఆమె కోసమే పుట్టింది. వెళ్లేవాడి వైరాగ్యం ఉండిపోయేవాళ్ల నెత్తిన పడకూడదని ఆ ఋషికి తెలుసు. అదే యాజ్ఞవల్క్యుడి పేరు మీద ఉన్న స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యానం మీదే తొమ్మిది వందల ఏళ్లుగా తెలుగువాళ్ల దాయభాగాలు నడిచాయి. ఆత్మ గురించి మాట్లాడిన పేరే అన్నదమ్ముల భాగాల గురించీ మాట్లాడింది. సంప్రదాయానికి ఈ రెండింటి మధ్య వైరం కనిపించలేదు.

విజ్ఞానేశ్వరుడు పశ్చిమ చాళుక్యుల కల్యాణిలో ఆరో విక్రమాదిత్యుడి కాలంవాడు. తిక్కన కాలపు కవి కేతన ఆ గ్రంథాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దశకుమారచరిత్ర రాసిన చేత్తోనే అప్పుల తగవులూ, పాళ్ల తగవులూ పద్యాల్లో పెట్టాడు. పదమూడో శతాబ్దంలో తెలుగువాడికి తెలుగులో అందాల్సిన గ్రంథాల్లో ఇదొకటని ఒక మహాకవి శిష్యుడికి తోచడం చిన్న సంగతి కాదు.

మితాక్షరలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. అందుకే పాత హిందూ సంప్రదాయంలో ఈనాటి రూపంలో వీలునామా లేదు, అది ఇంగ్లీషువాళ్ల కోర్టుల ద్వారా స్థిరపడింది అంటారు. నిజమే. అయితే సీమ రైతులు వీలునామా లేని ఆ కాలంలోనూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మగపిల్లలు లేని ఇంటికి అల్లుణ్ణి ఇల్లటం తెచ్చుకునేవాళ్లు. కాడీ మేడీ అప్పజెప్పి, మా తదనంతరం ఇదంతా నీదేనని పెద్దమనుషుల ముందు ఒప్పుకునేవాళ్లు. ఆ తర్వాత మామకు కొడుకు పుట్టినా ఇల్లటపుటల్లుడికి కొడుకుతో సమానంగా పాలు. పుట్టింటి హక్కూ పోదు. ఏ స్మృతిలోనూ లేని ఈ ఏర్పాటును కర్నూలు, బళ్లారి జిల్లాల రెడ్ల ఆచారంగా మద్రాసు హైకోర్టు 1881 నాటి తీర్పులో గుర్తించింది. చదువుకున్న లాయరు లేకుండా, స్టాంపు కాయితం లేకుండా, రేపటి గురించి ఈ నేల మనుషులు తమంతట తాము చేసుకున్న ఏర్పాటది. దాని బలమంతా ఒప్పందంలో ఉంది. దాని బలహీనత కూడా అక్కడే, ఒప్పందం నోటిమాట కావడం. మామ పోయి, సాక్షులు పోయి, దాయాదులు మిగిలాక "ఇస్తానన్నప్పుడు నువ్వు విన్నావా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవాడు ఉండడు.

మంత్రాలయానిది ఇంకో దారి. ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ కాలంలో మంచాల గ్రామాన్ని ఇనాంగా పొందిన రాఘవేంద్రస్వామి 1671 శ్రావణ బహుళ విదియనాడు అక్కడ సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. ఆ ప్రవేశానికి ముందు జరిగిన పనులు చూడండి. చోటు ఎంచుకున్నారు. బృందావనం ఎలా కట్టాలో చెప్పారు. యోగీంద్రతీర్థులను పీఠానికి ఉత్తరాధికారిగా నియమించారు. భార్యాబిడ్డల బంధాన్ని ఎప్పుడో వదిలిన యతి, తన తర్వాత మూలరాముడికి పూజ ఎవరు చేస్తారన్నది మాత్రం గాలికి వదల్లేదు. వ్యాసతీర్థుల మఠమైనా, ఉత్తరాది మఠమైనా మాధ్వ సంప్రదాయంలో వరస ఇలాగే నడిచింది. అన్నీ వదిలినవాళ్లకే అప్పగింత తప్పలేదంటే, అప్పగించడం వదలడంలో భాగమే అయి ఉండాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వినాలి. బతికుండగా రాసిచ్చి వీధిన పడ్డ తల్లిదండ్రుల్ని చూడని ఊరు సీమలో లేదు. పాస్‌బుక్కు పేరు మారిన ఏడాదికే ముసలాయన మంచం వసారాలోకి, ఆ తర్వాత పశువుల కొట్టంలోకి మారుతుంది. ఈ భయం ఈనాటిదేమీ కాదు. కౌషీతకి ఉపనిషత్తులో అవసానంలో ఉన్న తండ్రి కొడుకును పిలిచి, తన వాక్కునూ ప్రాణాన్నీ చూపునూ వినికిడినీ ఒక్కొక్కటిగా అప్పగించే తంతు ఒకటుంది. అది ముగిశాక ఒక చిక్కు వస్తుంది, ఆ తండ్రి చావకుండా కోలుకుంటే? అప్పుడు ఆయన కొడుకు ఏలుబడిలోనైనా బతకాలి, లేదా ఇల్లు విడిచి సంచారానికి పోవాలి అంటుంది ఉపనిషత్తు. ఇంత నిర్మొహమాటంగా చెప్పిన మాట మరొకటి దొరకదు. ముందే ఇచ్చేసినవాడికి ఇంట్లో పాత చోటు ఉండదని ఆనాడే తెలుసు.

ఈ చిక్కును విప్పేదే వీలునామా. దాన పత్రం, సెటిల్మెంటు రిజిస్టరైన రోజునే ఆస్తిని దాటిస్తాయి. వీలునామా రాసినవాడు పోయాకే నోరు తెరుస్తుంది. అంతవరకూ చేను ఆయనదే, బోరు ఆయనదే, మాటా ఆయనదే. మనసు మారితే పొద్దున రాసినది సాయంత్రం రద్దు చేయొచ్చు, ఎన్నిసార్లైనా కొత్తది రాయొచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది. ఇప్పటికే దానంగా రాసిచ్చి మోసపోయినవాళ్లకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చి, చూసుకోకపోతే ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. ఈ సెక్షన్‌ను వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. ఉపనిషత్తు కాలపు తండ్రికి లేని మూడో దారి వీలునామా.

రాయకపోతే ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. ఊహించుకున్నదే అయినా సీమలో ఏ మండలానికైనా సరిపోయే ఇల్లు. ఆయనకు ఏడెకరాలు. అందులో నాలుగు తండ్రి నుంచి వచ్చినవి, మూడు సొంతంగా కొన్నవి. బోరు కొన్న చేలో ఉంది, నీళ్లు మాత్రం పైచేనికీ పారతాయి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, భార్య, తొంభై ఏళ్ల తల్లి. ఒకరోజు శెనగ చేలో కుప్పకూలిపోయాడు. వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం ఆయన స్వార్జితం ఐదు సమాన వాటాలవుతుంది: భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు, తల్లి. తల్లిని అందరూ మరిచిపోతారు. తన ఐదో వంతు ఎవరికీ రాయకుండా ఆమె కూడా పోతే, ఆ వంతులో పోయిన కొడుకు పిల్లలతోపాటు ఆమె మిగతా సంతానానికీ పాలుంటుంది. అంటే చనిపోయినాయన అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములూ ఈ మూడెకరాల్లోకి వస్తారు. బోరు ఎవరి పాలిట పడ్డా రెండోవాడి చేను ఎండుతుంది. వర్షాధారపు నేల మీద నీటి వాటా లేని భూమి వాటా కాయితం ముక్క. నాలుగు వాక్యాల్లో తేలే సంగతి, బోరు ఉమ్మడి, నీళ్లు సగం సగం, మోటారు కాలితే ఖర్చు చెరి సగం అని ఆయన రాసి ఉంటే.

ట్రంకుపెట్టెలో ఇంకా కొన్ని ఉంటాయి. ప్రొద్దుటూరులో కొన్న నగల రసీదులు, ఆ నగలనే బ్యాంకులో పెట్టి తీసుకున్న తాకట్టు చీటీ, వడ్డీకిచ్చిన డబ్బుకు రాయించుకున్న ప్రోనోటు. ప్రోనోటు వెనక చెల్లు రాయించకపోతే మూడేళ్లకు కాలదోషం పడుతుంది. పెద్దాయన పోయిన దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆ కాయితం ఎవరికీ కనబడదు, కనబడేసరికి అప్పు తీసుకున్నవాడు నవ్వుతాడు. తాకట్టు గడువు దాటితే నగలు వేలానికి పోతాయి.

తాళ్లపాక అన్నమయ్య కీర్తనల కథ ఈ ప్రాంతానిదే. కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించి భద్రం చేశాడు. చెక్కించినవాళ్లు పోయారు, తెలిసినవాళ్లు పోయారు, తిరుమల గుళ్లోని అర తలుపు మూసుకుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రేకులు మళ్లీ వెలుగు చూసేదాకా వేల కీర్తనలు ఉన్నాయో లేవో తెలుగువాడికి తెలియదు. భద్రపరచడం ఒక పని, ఎక్కడుందో చెప్పడం ఇంకో పని. దేశంలోని బ్యాంకుల్లో ఎవరూ అడగక రిజర్వు బ్యాంకు నిధికి చేరిన డిపాజిట్లు 2024 మార్చి నాటికి 78,213 కోట్ల రూపాయలు. పదేళ్లు కదలని ఖాతాల డబ్బది. అందులో చిన్న చిన్న పాస్‌బుక్కుల సొమ్మూ ఉంటుంది. వాటిని వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ తెచ్చింది. పోయినవాళ్ల పేరు కొట్టి చూడొచ్చు.

నామినీ పేరు రాశాను కదా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. 2025 నవంబరు ఒకటి నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకూ నామినీలుగా పెట్టుకోవచ్చు, మంచిదే. కానీ బ్యాంకు డబ్బు నామినీ చేతికి ఇచ్చేది వారసుల తరఫున పుచ్చుకోమని. సొంతదారు వేరు, చేతికి తీసుకునేవాడు వేరు. షేర్ల విషయంలోనూ ఇదే సూత్రమని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

కూతుళ్ల విషయానికొస్తే చట్టం నాన్నలకంటే చాలా ముందుంది. పెళ్లి కాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో, 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. దేశమంతటా పెళ్లైన కూతుళ్లతో సహా అందరికీ 2005లో వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదనీ 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఊళ్లో జరిగేది వేరు. పెళ్లప్పుడు పెట్టిన కట్నం లెక్క చెప్పి, పెద్ద దినం నాడే ఆడబిడ్డతో సంతకం పెట్టించుకుంటారు. పెట్టకపోతే పుట్టింటి గడప దూరమవుతుందన్న భయంతో ఆమె పెడుతుంది. తండ్రే బతికుండగా ఎవరికెంతో కారణంతో సహా రాసి ఉంటే అన్న మీదా చెల్లెలి మీదా ఆ బరువు పడదు. కట్నం కింద ఎంతిచ్చాడో, ఎందుకు కొడుక్కి చేను ఎక్కువ రాశాడో ఆయన మాటల్లోనే ఉంటుంది. ఆయన రాయగలిగింది స్వార్జితమూ, పిత్రార్జితంలో తన వాటా వరకే. కూతురి పుట్టుహక్కును వీలునామా కొట్టివేయలేదు.

ఆడవాళ్ల వీలునామా గురించి ఎవరూ మాట్లాడరు, అసలు అవసరం వాళ్లకే ఎక్కువ. 1956 చట్టం 15వ సెక్షన్ ప్రకారం పిల్లల్లేని హిందూ వితంతువు సొంతంగా సంపాదించిన ఆస్తి ఆమె పుట్టింటికి పోదు, భర్త వారసులకు పోతుంది. సుప్రీంకోర్టు 2009లో తీర్పిచ్చిన ఒక కేసు చదివితే మనసు చివుక్కుమంటుంది. పెళ్లైన మూడు నెలలకే భర్త పాముకాటుతో పోయాడు. అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఆమె ఉద్యోగం చేసి కూడబెట్టింది, 1996లో వీలునామా రాయకుండా పోయింది. ఆ డబ్బంతా ఆమెను వెళ్లగొట్టిన ఇంటివాళ్లకే దక్కింది. సానుభూతి వేరు, చట్టం వేరు అని కోర్టే చెప్పాల్సి వచ్చింది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఇంకో అడుగు ముందుకేసి, మహిళలు, ముఖ్యంగా హిందూ మహిళలు, తప్పకుండా వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. కూలి డబ్బుతో డ్వాక్రా సంఘంలో పొదుపు చేసుకున్న కాత్యాయనులకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

కర్నూలు, కడప పట్టణాల్లో ముస్లిం జనాభా ఎక్కువ. రాయాలా వద్దా అన్న ధర్మసందేహం ఇస్లాంలో లేదు. రాసిపెట్టమనే అక్కడి మాట. రాయాల్సిన ఆస్తి ఉన్నవాడు రెండు రాత్రులైనా వసీయత్ లేకుండా గడపకూడదని ప్రవక్త బోధించారని హదీసు. అయితే వారసులు ఒప్పుకోకపోతే మూడో వంతుకు మించి వసీయత్ చెల్లదు, మిగతాది ఖురాను చెప్పిన వాటాల ప్రకారమే వారసులకు పోవాలి. వరస కూడా స్పష్టం: ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు, ఆ తర్వాత వసీయత్, చివరికి వారసులు. ఉన్నదంతా దానధర్మాలకు రాస్తానన్న అనుచరుణ్ణి ప్రవక్త వారించి, వారసుల్ని చేయి చాచేలా విడిచిపోవద్దన్నారన్నది మరో ప్రసిద్ధ హదీసు. పుణ్యం పేరుతో కూడా ఇంటివాళ్లను వీధిన పెట్టొద్దన్నమాట. క్రీస్తు దగ్గరకూ ఒకడు ఆస్తి తగవుతో వచ్చినట్టు లూకా సువార్తలో ఉంది. ఆయన పంచనన్నాడు, అత్యాశ జాగ్రత్త అన్నాడు. పంచాల్సిన పని తండ్రిది, గురువుది కాదు అని ఆ నిరాకరణను చదువుకోవచ్చు.

అప్పుల సంగతి సీమలో విడిగా చెప్పుకోవాల్సినది. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్నది పితృఋణం కింద వచ్చిన ధర్మం. ఎండిన చేను గట్టున ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్లకు వడ్డీవ్యాపారులు వచ్చి అడిగేదీ ఈ ధర్మం పేరు చెప్పే. చట్టం మారింది. 2005 సెప్టెంబరు 9 తర్వాత తండ్రి చేసిన అప్పుకు, కొడుకైన పాపానికి ధర్మబాధ్యత పేరుతో కొడుకును కోర్టుకీడ్చడానికి వీల్లేదు. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి ఎంతో అంత వరకే బాధ్యత. కాబట్టి పెద్దాయన రాసే కాయితంలో రావాల్సినవెన్నో, ఇవ్వాల్సినవెన్నో, ఏది తీర్చాడో, ఏది వట్టి బెదిరింపో ఉంటే చాలు. వితంతువు గుమ్మంలో నిలబడి లేని అప్పు అడిగేవాడికి ఆ కాయితమే జవాబు.

వైరాగ్యం సంగతి మళ్లీ అడిగేవాళ్లకు ఒక మాట. మెట్టచేను, బోరు, తాకట్టు చీటీ గురించి ఏమీ చెప్పకుండా పోయినాయన వాటిని వదిలిపోలేదు. పదేళ్లపాటు ఆయన పేరే పాస్‌బుక్కులో ఉంటుంది. ఎమ్మార్వో ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం, సబ్ రిజిస్ట్రార్ దగ్గర భాగపరిష్కారం కోసం, సివిల్ కోర్టులో వాయిదా కోసం ఆయన పేరే పిలుస్తారు. అన్నదమ్ముల మాటలు నిలిచిపోయేదీ ఆయన పేరు మీదే. తనది కాదనుకున్న దానికి ఇంతకంటే ఎక్కువ అంటిపెట్టుకున్నవాడు ఉండడు. యాజ్ఞవల్క్యుడు ఆ పని చేయలేదు.

వీలునామాకు స్టాంపు కాయితం అక్కర్లేదు. తెల్ల కాయితం మీద తెలుగులో రాసినా చెల్లుతుంది. రాసినాయన సంతకమో వేలిముద్రో ఉండాలి, దాన్ని చూసిన ఇద్దరు సాక్షులు ఆయన సమక్షంలో సంతకాలు చేయాలి. ఆస్తి పుచ్చుకునేవాళ్లు సాక్షులు కాకపోవడం మేలు. సాక్షులు రాసినాయనకంటే చిన్నవాళ్లైతే ఇంకా మేలు, రేపు కోర్టులో చెప్పాల్సింది వాళ్లే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే తగవుకు సగం తలుపు మూసినట్టే. ఇంట్లో చూస్తారన్న బెరుకుంటే సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. సర్వే నంబర్లు భూమి రికార్డు 1బిలో ఉన్నట్టే రాయాలి, బోరు మాట మరిచిపోకూడదు. ఈ వానాకాలం దుక్కులు మొదలుపెట్టేలోపు, పెద్దాయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఆయన్ను దస్తావేజు లేఖరి దగ్గరకు తీసుకుపొండి. పెద్దమ్మను కూడా.